గానుగ దగ్గర మన మనుషులు



చెరకు ఎట్లా పెంచాలో, ఏ రకం వేస్తే రసం బాగా దిగుతుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. అనకాపల్లిలో 1913 నుంచి పరిశోధన స్థానమే ఉన్నది. కాని నరికిన చెరకు బెల్లం దిమ్మగా మారేవరకు దాని వెంట ఉండే ఎనిమిది పదిమంది మనుషులను గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాము.

సొంత గానుగ పెట్టుకున్న రైతు చిన్న వ్యాపారస్థుడు కూడా అయినట్లే. మీ దగ్గర ఎవరెవరు పనిచేస్తారో ఒకసారి లెక్క వేయండి. చెరకు మోసుకొచ్చేవారు, రోలర్లకు చెరకు అందించేవాడు, పిప్పి ఎండబెట్టే ఆడవాళ్లు, పొయ్యి మండించేవాడు, పెనం దగ్గర పాకం చూచేవాడు. వీరిలో ఏ ఒక్కరికి కునుకు పట్టినా పెనం మాడుతుంది, లేక చెయ్యి పోతుంది. మాడిన పెనం ఒక పూట నష్టం. పోయిన చెయ్యి సంగతి వేరు.

చెరకు అందించేవాడితో మొదలుపెడదాము. చెయ్యి రోలర్ల మధ్యకు పోవడానికి రెప్పపాటు చాలు. అది ఎక్కువగా తెల్లవారుజామున, నిద్రమత్తులో జరిగే ప్రమాదము. అసలు రాత్రి ఎందుకు ఆడించవలసి వస్తుంది? పగలు ఆడించగలిగిన దానికంటే ఎక్కువ చెరకు నరికించుకుంటాము కనుక. నరికిన చెరకు నిలవ ఉంటే రసం పులుస్తుంది, బెల్లం గట్టిపడదు. ఆ భయంతో రాత్రంతా గానుగ తిప్పిస్తాము. కనుక మనుషుల నిద్ర గానుగ దగ్గర కాదు, చేలో కత్తి పెట్టేటప్పుడే నిర్ణయమైపోతుంది. ఒక పగలు ఎన్ని పెనాలు దిగుతాయో మీకు తెలుసు. అంత చెరకే నరికించండి. తప్పనిసరై రాత్రి ఆడించవలసి వస్తే రెండు గంటలకు ఒకసారి అందించే మనిషిని మార్చవలెను. పగలంతా మోత మోసినవాణ్ణే రాత్రి రోలర్ల ముందు కూర్చోబెట్టకూడదు.

చెరకు పెట్టేచోట రేకుతోగాని, చెక్కతోగాని తొట్టి కట్టించండి. చెయ్యి పూర్తిగా చాచినా రోలరు అందనంత పొడవు ఉండాలి. గేర్లకు, బెల్టుకు మూత ఉండాలి. మోటారు ఆపే మీట, అందించేవాడు కూర్చున్నచోటినుంచే అందాలి. అది ఎక్కడో గోడకు ఉంటే ఏమి లాభం? మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చేతులకు తొడుగులు వద్దు. తొడుగు చేతిని కాపాడుతుందని కొందరు అనుకుంటారు. రోలరు ముందు పట్టుకునేది దానినే. పిప్పి ఇరుక్కుంటే మోటారు ఆపి, రోలర్లు నిలిచిన తరువాతే తీయాలి.

ఇక్కడ కూలి సంగతి కూడా ఉన్నది. పెనానికి ఇంత అని కూలి కుదుర్చుకుంటే మోటారు ఆపిన ప్రతి నిమిషమూ కూలివాడికి నష్టమే. అందుకని తిరుగుతుండగానే చెయ్యి పెట్టి లాగుతాడు. వాడిది తొందరపాటు అని తిడతాము గాని, ఆ తొందర పుట్టించినది మన లెక్కే. రోలర్ల దగ్గర ఉండే మనిషికి మాత్రం రోజుకూలి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయము.

ఇక పెనం దగ్గరకు వద్దాము. పాకం దించేవేళకు వేడి సుమారు 118 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది, మరిగే నీటికంటే ఎక్కువ. పైగా జిగురు. ఒంటిమీద పడితే జారిపోదు. పెనం చుట్టూ రసము, మడ్డి ఒలికి నేల జారుతుంది. పూటకు రెండుసార్లయినా కడిగించండి. పెనం దించే దారిలో పిల్లలు, పిప్పి మోపులు, కుక్కలు ఏమీ ఉండరాదు. బెల్లం తినడానికి వచ్చే పిల్లలను కాదనలేము. వారికి ఇవ్వవలసినది దూరంగా ఇచ్చి పంపించండి.

పాకం పడితే లాగి పీకవద్దు, తోలు వస్తుంది. వెంటనే చల్లని మంచినీళ్లు 20 నిమిషాలపాటు పోస్తూ ఉండాలి. సిరా, పసుపు, పేడ పూయకూడదు. పెద్ద గాయమైతే 108కి ఫోను చేయాలి. అందుకు పెనం పక్కనే నీళ్ల పీపా ఎప్పుడూ నిండుగా ఉండవలెను.

పొయ్యి దగ్గర మనిషికి చెమట ధారగా పోతుంది. దాహమైనప్పుడు తాగుతాడులే అనుకోవద్దు. 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీరు ఇప్పించండి, మధ్యమధ్య ఉప్పు వేసిన పలచని మజ్జిగ పంపించండి. బెల్లం రంగు కోసం హైడ్రోస్ వేసేవారున్నారు. ఆ ఘాటు మొదట తగిలేది పాకం కలిపేవాడి కళ్లకు, గొంతుకు. బెండ జిగురుతో మడ్డి తీసే పాత పద్ధతే తినేవారికీ, వండేవారికీ క్షేమము.

అడ్వాన్సు ఇచ్చినప్పుడు రెండు పుస్తకాలలో రాయండి, ఒకటి వారి దగ్గర ఉండనివ్వండి. చెప్పిన రోజున కూలి ఇవ్వండి. ఒకే పనికి ఆడవారికి తక్కువ కట్టడం చట్టానికి విరుద్ధము. పెద్దవయసువాణ్ణి ఒరేయ్ అని పిలిచే అలవాటుంటే దాన్నీ మానుకోవలెను. పాకం చూచే మంచి మనిషి వచ్చే ఏడు ఎవరి గానుగకు పోతాడన్నది ఇటువంటి వాటిమీద కూడా ఆధారపడి ఉంటుంది.

చివరిగా బీమా. 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కడితే చాలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు, ఒక చెయ్యి పోతే 1 లక్ష వస్తుంది. 18 నుంచి 70 ఏళ్లవరకు బ్యాంకు ఖాతా ఉన్నవారెవరైనా చేరవచ్చును. గడువు జూన్ 1 నుంచి మే 31 వరకు. పదిమందికి కలిపి 200 రూపాయలు మీరే పెట్టుకోండి. పొయ్యి వెలిగించే ముందే బ్యాంకుకు తీసుకువెళ్లి, చేరినట్లు రసీదు ఎవరిది వారికి ఇప్పించండి.