కక్షిదారు మరణిస్తే అప్పీలు ఏమవుతుంది?

భూమి గురించి గానీ, బాకీ గురించి గానీ కోర్టులో నడిచే వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగడం మీకు తెలిసిన విషయమే. దావా వేసినవారు, జవాబు చెప్పినవారు ఇరువురూ కాలధర్మం చెందగా, వారి బిడ్డలు అప్పీలు నడుపుకొనే సందర్భాలు గ్రామాలలో కానవస్తుంటాయి. అటువంటి కుటుంబం వారు తమ భూమిపై ఋణం కోరి వచ్చినపుడు మేము తప్పక అడిగే ప్రశ్న ఇది: "మరణించినవారి స్థానంలో వారసుల పేర్లు కోర్టు రికార్డులో చేరినవా?"

కక్షిదారు మరణించినంత మాత్రాన ఆస్తికి, బాకీకి సంబంధించిన వ్యాజ్యపు హక్కు నశించదు. అది చట్టబద్ధ ప్రతినిధులకు సంక్రమిస్తుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 22వ ఆర్డరు ఈ విధానాన్ని నిర్దేశిస్తున్నది. అప్పీళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

అయితే పేర్లు వాటంతట అవి చేరవు. మరణించిన నాటి నుండి 90 రోజులలోగా కోర్టులో దరఖాస్తు చేయాలి. అప్పీలుదారు మరణిస్తే ఆయన వారసులు, ప్రతివాది మరణిస్తే అప్పీలుదారే ఈ పని చేయాలి. "పోయినది ఎదుటివారు కదా, మనకేమి?" అనుకోవడం పొరపాటు. గడువు దాటితే మరణించినవారి మేరకు అప్పీలు 'అబేట్' అవుతుంది. అనగా గుణదోష విచారణ లేకుండానే ముగుస్తుంది. దానిని తొలగించమని మరో 60 రోజులలోగా కోరవచ్చు. అదీ దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి కోర్టును ఒప్పించవలసి ఉంటుంది.

ఈ అజాగ్రత్త ప్రభుత్వానికే నష్టం తెచ్చింది. పంజాబ్‌లో ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి భూమికి నిర్ణయించిన పరిహారంపై రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేసింది. ఒక సోదరుడు మరణించగా, అతని వారసులను గడువులోగా చేర్చలేదు. పరిహారం ఉమ్మడిది కనుక, రెండవ సోదరుడు జీవించి ఉన్నప్పటికీ మొత్తం అప్పీలు నిలువదని నాథూరాం కేసులో సుప్రీంకోర్టు 1961లో తీర్పు చెప్పింది.

మరొక సందేహం: తండ్రి బాకీకి కుమారుడు ఎంతవరకు బాధ్యుడు? డిక్రీ అమలులో, తనకు సంక్రమించిన తండ్రి ఆస్తి మేరకే అని కోడ్‌లోని 50వ సెక్షను చెబుతున్నది. తాను స్వయంగా జామీను సంతకం చేసి ఉంటే అది వేరు సంగతి.

కనుక ఇంట దుఃఖం ఉన్నప్పటికీ, మరణ ధ్రువీకరణ పత్రం తీసుకొని వెంటనే మీ న్యాయవాదిని కలవండి. ఋణం ఉంటే బ్యాంకు శాఖకు కూడా తెలియజేయండి. తాతల నాటి భూమి తొంభై రోజుల అలసత్వానికి బలి కాకూడదు.