స్విచ్ ఆపినా ఆరని సీరియల్ లైట్లు: ఏం చూసుకోవాలి, ఎలక్ట్రీషియన్‌ను ఎప్పుడు పిలవాలి?



దసరాకు బాల్కనీలో కట్టిన సీరియల్ లైట్లు చాలా ఇళ్లలో దీపావళి, క్రిస్మస్ దాటి సంక్రాంతి దాకా దిగవు. ఇప్పుడు వాటిని స్మార్ట్ స్విచ్‌కో, స్మార్ట్ ప్లగ్‌కో కలిపి ఫోన్‌తోనే వెలిగిస్తున్నాం, ఫోన్‌తోనే ఆర్పుతున్నాం. వెలిగించేటప్పుడు పేచీ ఉండదు. రాత్రి పడుకునే ముందే అసలు తంటా. యాప్‌లో 'ఆఫ్' అని చూపిస్తుంది, బయట లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. లేదా సగం ఆరి, మసక వెలుగుతో మినుకుమంటూ ఉంటాయి.

"పోనీలే, ఎంత కరెంటు కాలుతుంది?" అని చాలామంది వదిలేస్తారు. కరెంటు బిల్లు వరకు ఆ మాట నిజమే. కానీ లైట్లు ఆపేశామనుకుని పిల్లలు ఆ తీగను పట్టుకుంటే? సీరియల్ సెట్లలో చాలావాటికి అడాప్టర్ ఉండదు. ప్లగ్ నుంచి చివరి బల్బు దాకా ఇంటి కరెంటే, అంటే 230 వోల్టుల సరఫరాయే నడుస్తుంది. కాబట్టి ఆరని లైటును చిన్న విషయంగా తీసుకోకుండా కారణం కనుక్కోవడం మంచిది.

ఏ పరీక్ష చేసే ముందైనా ప్లగ్ తీసేయండి. ప్లగ్ లేకుండా నేరుగా బోర్డుకు కలిపి ఉంటే ఆ గదికి సంబంధించిన ఎంసీబీని దించండి. ఆ తర్వాతే లైట్ల తీగను ముట్టుకోండి.

మీ ఇంట్లో సమస్య ఏది?

యాప్‌లో ఆపినా లైట్లు పూర్తి వెలుగుతో ఉన్నాయా, లేక మసకగా మెరుస్తున్నాయా? ఈ రెండింటికీ కారణాలు వేరు, పరిష్కారాలు వేరు.

పూర్తి వెలుగుతో ఉంటే

1. లైట్లు పెట్టిన సాకెట్ నిజంగా ఆ స్మార్ట్ స్విచ్ కిందిదేనా చూడండి. పండుగ హడావిడిలో ఎక్స్‌టెన్షన్ బాక్సును వేరే సాకెట్‌కు మార్చి మర్చిపోవడం మామూలే.

2. గోడ మీది స్విచ్‌ను లేదా స్మార్ట్ ప్లగ్ మీద ఉండే బటన్‌ను చేత్తో నొక్కండి. అప్పుడు లైట్లు ఆరితే తీగల్లో తప్పు లేదు, ఫోన్ మాట స్విచ్ దాకా చేరడం లేదంతే. మన ఇళ్లలో వాడే వైఫై స్మార్ట్ స్విచ్‌లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి. బాల్కనీ దగ్గర ఆ సిగ్నల్ అందుతోందో లేదో చూడండి. రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

3. ఆర్పిన లైట్లు వాటంతటవే మళ్లీ వెలుగుతుంటే యాప్‌లో పాత షెడ్యూల్ ఏదైనా ఉందేమో వెతకండి. పోయినేడాది పెట్టిన టైమర్ ఇప్పటికీ పనిచేస్తూ ఉండొచ్చు. ఇంట్లో ఇద్దరి ఫోన్లలో యాప్ ఉంటే ఇద్దరివీ చూడాలి. కరెంటు పోయి వచ్చాక స్విచ్ ఏ స్థితిలో ఉండాలో చెప్పే సెట్టింగ్ చాలా యాప్‌లలో ఉంటుంది. దాన్ని 'ఆఫ్'లో పెట్టుకుంటే, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినా లైట్లు వెలగవు.

4. చేత్తో నొక్కినా ఆరకపోతే లోపల ఉండే రిలే అతుక్కుపోయి ఉండొచ్చు. ఎల్‌ఈడీ అడాప్టర్లు మామూలుగా తక్కువ కరెంటే తీసుకుంటాయి కానీ, వేసిన ఆ క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతాయి. ఒకే స్విచ్‌కు నాలుగైదు సెట్లు తగిలిస్తే ఆ తాకిడికి రిలే మొనలు కరిగి అంటుకుపోతాయి. తట్టితే ఒక్కోసారి విడిపోతుంది కానీ, మళ్లీ అతుక్కుంటుంది. ఆ స్విచ్‌ను మార్చాల్సిందే.

మసకగా మెరుస్తుంటే

ఆపిన తర్వాత రెండు మూడు సెకన్లు మాత్రమే మెరిసి ఆరిపోతే కంగారు వద్దు. అడాప్టర్‌లోని కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు ఖర్చయ్యేదాకా అలా ఉంటుంది. రాత్రంతా మెరుస్తూనే ఉంటే మాత్రం సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి కారణం.

మొదటిది: న్యూట్రల్ లేని స్మార్ట్ స్విచ్. వైఫై నుంచి వచ్చే ఆదేశం వినాలంటే స్మార్ట్ స్విచ్ రోజంతా మేలుకునే ఉండాలి. అందుకు దానికీ కొంత కరెంటు కావాలి. బోర్డులో న్యూట్రల్ తీగ ఉంటే నేరుగా అక్కడి నుంచి తీసుకుంటుంది. లేకపోతే లైటు గుండా కొద్దిపాటి కరెంటును పోనిచ్చి తన పని కానిచ్చుకుంటుంది. పాత ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకి రాదు. 60 వాట్ల బల్బు వెలగడానికి సుమారు 260 మిల్లీ ఆంపియర్లు కావాలి. 5 వాట్ల ఎల్‌ఈడీ సెట్టుకు 22 చాలు. ఇక మసకగా మెరవాలంటే ఒక్క మిల్లీ ఆంపియర్ అందినా ఎల్‌ఈడీకి సరిపోతుంది.

రెండోది: స్విచ్‌లో ఉండే చిన్న ఎర్ర ఇండికేటర్. కొన్ని మామూలు స్విచ్‌లలో, ఆపినప్పుడు వెలిగే చిన్న దీపం ఉంటుంది. అది వెలగాలంటే కరెంటు లైటు గుండానే పోవాలి. ఇక్కడా అదే కథ.

మూడోది: ఫేజు, న్యూట్రల్ తారుమారు కావడం. ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఇందులోనే. స్విచ్ ఎప్పుడూ ఫేజు తీగనే తెంచాలి. వైరింగ్ చేసేటప్పుడు పొరపాటున న్యూట్రల్‌కు స్విచ్ పెడితే, ఆపిన తర్వాత కూడా సెట్టు మొత్తం ఫేజులోనే ఉంటుంది. ఇనుప గ్రిల్‌కు చుట్టి ఉంటే ఆ లోహం వైపు సన్నగా కరెంటు కదులుతుంది, ఎల్‌ఈడీలు మెరుస్తాయి. చూడ్డానికి పైరెండింటిలాగే ఉంటుంది. కానీ తీగ ఎక్కడైనా తెగి ఉంటే షాక్ కొట్టి తీరుతుంది.

స్మార్ట్ ప్లగ్‌కు న్యూట్రల్ సాకెట్ నుంచే అందుతుంది. అందువల్ల దానికి పెట్టిన లైట్లు మసకగా మెరుస్తుంటే ముందుగా ఈ మూడో కారణాన్నే అనుమానించండి. మన మూడు రంధ్రాల సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే పైది ఎర్త్, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. ఎలక్ట్రీషియన్ చూసినప్పుడు ఎడమవైపు ఫేజు కనిపిస్తే వైరింగ్ తారుమారైనట్టే. టెస్టర్ వెలిగిందా లేదా అని మాత్రమే కాకుండా మల్టీమీటర్‌తో కొలిచి చెప్పమనండి. కొద్దిపాటి లీకేజీకి కూడా టెస్టర్ వెలుగుతుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మలేం.

రెండు చిట్కాలు, రెండు జాగ్రత్తలు

రెండు పిన్నుల ప్లగ్‌ను తిప్పి పెడితే మెరుపు తగ్గిందని కొందరు చెబుతారు. తగ్గొచ్చు. కానీ సాకెట్‌లోని తప్పు అలాగే ఉంటుంది. అదే స్విచ్ మీద ఒక ఫిలమెంట్ జీరో బల్బు కూడా పెడితే మెరుపు పోతుందని ఇంకో చిట్కా. అదీ నిజమే, లీకయ్యే కరెంటు ఆ బల్బు దారిన పోతుంది. అయితే మూడో కారణం ఉన్నా మెరుపు ఇలాగే పోవచ్చు. అంటే మెరుపు పోయినా ప్రమాదం పోయిందని చెప్పలేం. కాబట్టి ఏ చిట్కా పాటించినా ముందు సాకెట్ వైరింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించాలి.

శాశ్వతంగా సరిచేయాలంటే

• సాకెట్ ఉన్న స్విచ్‌బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. అక్కడ న్యూట్రల్‌తో పనిచేసే స్మార్ట్ స్విచ్ పెట్టించుకోండి.
• న్యూట్రల్ లేని బోర్డయితే, ఆ స్విచ్ తయారీదారు సూచించిన బైపాస్ పరికరాన్ని లైటుకు సమాంతరంగా ఎలక్ట్రీషియన్‌తో పెట్టించాలి.
• ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఆ రోజే సరిచేయించండి. అప్పటిదాకా ఆ సాకెట్ వాడొద్దు.
• బాల్కనీ సరఫరాకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కనుక్కోండి. దాని మీది టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి, అది పడిపోతోందో లేదో చూస్తూ ఉండండి.
• కొత్తవి కొంటే 12 లేదా 24 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేవి, ఆరుబయట వాడేందుకు తయారైనవి తీసుకోండి. అడాప్టర్‌ను వాన, మంచు తగలని చోట ఉంచండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సెట్టయితే ముందు దాని మీద రాసి ఉన్న వోల్టేజీ చూడండి. అక్కడి ఇళ్ల సరఫరా 120 వోల్టులు. దానికోసమే చేసిన సెట్టును మన సాకెట్‌లో పెడితే కాలిపోతుంది.

పిల్లలతో కలిసి

ఉన్నత తరగతుల పిల్లలకు ఇది చేతికందిన భౌతికశాస్త్ర పాఠం. బల్బులను శ్రేణి సంధానంలో కలుపుతారు కాబట్టే వీటికి సీరియల్ లైట్లని పేరు. ఒక వరుసలో తీగ ఎక్కడ తెగినా ఆ వరుసంతా ఎందుకు ఆరిపోతుందో వాళ్లనే వివరించమనండి. వాట్లను వోల్టులతో భాగిస్తే కరెంటు వస్తుంది కదా, పైన ఇచ్చిన 260, 22 అంకెలు ఎలా వచ్చాయో లెక్క కట్టించండి. తర్వాత ఇంకో లెక్క ఇవ్వండి: 230 వోల్టుల దగ్గర ఒక మిల్లీ ఆంపియర్ నెలంతా, అంటే 30 రోజులు, లీకైతే ఎన్ని యూనిట్లు? పవర్ ఫ్యాక్టర్‌ను పక్కన పెట్టి చూస్తే 0.17 యూనిట్ కూడా దాటదు. బిల్లులో కనిపించనంత చిన్న మొత్తం. అందుకే ఈ తప్పును మీటరు పట్టివ్వదు, మన కన్నే పట్టుకోవాలి.

చిన్న పిల్లలకు లెక్కలు అక్కర్లేదు, ఒక్క అలవాటు చాలు. ఫోన్‌లోనో, మాటతోనో 'ఆఫ్' అన్నంత మాత్రాన తీగలో కరెంటు లేదని కాదు. లైట్లను ముట్టుకోవాలంటే ముందు పెద్దవాళ్లు వచ్చి ప్లగ్ తీయాలి. వాళ్ల ముందు మనమూ ప్రతిసారీ అలాగే చేస్తే, చెప్పకుండానే నేర్చుకుంటారు.

ఈ రాత్రి లైట్లు ఆపాక ఇంట్లో దీపాలన్నీ తీసేసి, బాల్కనీ వైపు ఒక్క నిమిషం చూడండి. చీకట్లో ఏ బల్బు మెరిసినా ప్లగ్ తీసి పడుకోండి, తెల్లారాక ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి.

మీకూ, మీ పిల్లలకూ పండుగ శుభాకాంక్షలు.