బడికి పోని గొంతు రాష్ట్రానికే పాటయింది

పాట కట్టాలంటే చిన్నప్పుడే గురువు దగ్గర కూర్చుని సరిగమలు నేర్చుకుని ఉండాలి, ఇంట్లో వీణో హార్మోనియమో ఉండాలి. మనలో చాలామంది అనుకునేది ఇదే. పెళ్లికి ముందు నాలుగు కీర్తనలు నేర్చుకున్నవాళ్లు కూడా "ఇప్పుడీ వయసులో మనకెందుకులే" అని ఊరుకుంటారు. అలా అనుకునే వాళ్లంతా అందెశ్రీ గారి జీవితం ఒక్కసారి తెలుసుకోవాలి. ఆయన ఎక్కడో దూరం వారు కాదు, మన సిద్దిపేట జిల్లా వారే.

అందెశ్రీ అసలు పేరు అందె ఎల్లయ్య. 1961 జులై 18న రేబర్తి గ్రామంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు వరంగల్ జిల్లా కింద ఉండేది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. చిన్నతనంలోనే తల్లిదండ్రుల నీడ లేకుండా పోయింది. తోటి పిల్లలు పలకా బలపం పట్టే వయసులో ఆయన గొర్రెల వెంట నడిచారు. పెద్దయ్యాక తాపీ పట్టి ఇళ్లు కట్టారు. ఆయనకున్న వాయిద్యం గొంతొక్కటే. దానికి తీగలు తెగవు, కొనడానికి డబ్బులూ అక్కర్లేదు!

ఆయన పాడుతుంటే విన్న శంకర్ మహారాజ్ అనే స్వామి ఆ గొంతులోని విలువ గుర్తించి చేరదీశారు. ఒక్కరు ఆగి వినడం ఎంత పని చేస్తుందో చూడండి. గొర్రెల కాపరి పాటల కవి అయ్యారు. మనిషిలో మనిషితనం మాయమైపోతోందని బాధపడుతూ ఆయన కట్టిన పాట సినిమాకీ ఎక్కింది, పల్లెపల్లెకూ చేరింది. 'గంగ' సినిమా పాటకు 2006లో నంది అవార్డు వచ్చింది. బడికి పోని ఆయనకు కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

ఇక 'జయ జయహే తెలంగాణ' సంగతి అందరికీ తెలిసిందే. ఉద్యమం రోజుల్లో సభల్లోనూ బడుల్లోనూ అందరి నోటా నానింది. 2014లో రాష్ట్రం వచ్చినా, అది అధికారికంగా రాష్ట్ర గీతం కావడానికి మరో పదేళ్లు పట్టింది. 2024 జూన్ 2న, కీరవాణి గారి సంగీతంతో, రాష్ట్ర గీతంగా విడుదల చేశారు. ఆ రోజు చూసుకుని ఏడాదిన్నర కూడా కాకముందే, 2025 నవంబర్ 10న అందెశ్రీ గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

రాయడం చదవడం నేర్పే బడి లేకుండా అంత పాట ఎలా కట్టగలిగారని ఆశ్చర్యపోతాం గానీ, ఆ పద్ధతి మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. బతుకమ్మ ఆట గుర్తు చేసుకోండి. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. చప్పట్లే తాళం. అందరూ వంత పాడుతుండగానే ఎత్తుకున్నామెకు తర్వాతి మాట ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. వరుస పాతదే, అందులో మాటలు కొత్తవి. పుట్టింటి ముచ్చట, అత్తింటి కష్టం, ఈ యేటి వానలు, ఏదైనా అందులో ఒదిగిపోతుంది. నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ మన అమ్మమ్మలు కట్టిన పాటలూ ఇలా పుట్టినవే. అది కూడా స్వరకల్పనే! మనం దానికా పేరు పెట్టలేదు, అంతే.

తేడా ఒక్కటే. అందెశ్రీ గారి పాటను లక్షలమంది పట్టుకున్నారు కాబట్టి ఆయన పోయినా పాట నిలిచింది. మన అమ్మమ్మల పాటలు వాళ్లతోనే వెళ్లిపోతున్నాయి. డీజే పెట్టెలు వచ్చాక బతుకమ్మ దగ్గర కూడా నోరు విప్పి పాడేవాళ్లు తగ్గుతున్నారు.

అందుకే అక్కచెల్లెళ్లకు నా మనవి. ఇంట్లో పెద్దవాళ్లుంటే మధ్యాహ్నం పని అయ్యాక పక్కన కూర్చుని ఒక పాట పాడించుకోండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్ పాడైతే పాట పోతుంది కాబట్టి నోటు పుస్తకంలో మాటలు కూడా రాసుకోండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ సందర్భంలో పాడే పాట అన్నది పైన రాసి పెట్టండి. మధ్యలో మాట మరచిపోతే తొందరపెట్టవద్దు. పల్లవి మీరు అందుకుంటే మిగతాది వాళ్లకే గుర్తొస్తుంది.

తర్వాత అదే వరుసలో మీ మాటలు రెండు చేర్చి చూడండి. బాగుందా లేదా అని ఎవరినీ అడగక్కర్లేదు. వచ్చే సద్దుల బతుకమ్మ నాడు కోమటిచెరువు కట్ట మీద మీరే ఎత్తుకోండి. నలుగురు అందుకున్నారంటే అది పాటే!