బ్యాకప్ ఏ రోజుది? ఎంతసేపట్లో తిరిగొస్తుంది?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌ కంప్యూటర్లు మొరాయించాయి. రాన్సమ్‌వేర్ దాడిలో ఐదు సర్వర్లలోని దాదాపు 1.3 టెరాబైట్ల డేటా తెరవడానికి వీల్లేకుండా పోయింది. ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా పనంతా మళ్లీ కాగితం మీదికి వచ్చింది. చివరకు ఈ-హాస్పిటల్ డేటాను దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి రాబట్టి కొత్త సర్వర్లలోకి ఎక్కించామని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఆ సర్వర్‌కూ దాడి పాకి ఉంటే రోగుల రికార్డుల గతి ఏమయ్యేదో!

ఇంత డేటాను రోజూ మొత్తంగా కాపీ చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 1.3 టెరాబైట్లు కాపీ కావాలంటే మూడున్నర గంటలు దాటుతుంది. నెల రోజుల కాపీలు దాచాలంటే 39 టెరాబైట్ల చోటు కావాలి. రోజులో మారేది రెండు శాతమే అనుకుంటే 26 గిగాబైట్లు. మారిన ఫైళ్లను వెతకడానికి పట్టే సమయం పక్కన పెడితే, కాపీ ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది. అందుకే ఆదివారం రాత్రి ఫుల్ బ్యాకప్, మిగతా రాత్రులు ముందు రోజు నుంచి మారినంత వరకే తీసే ఇంక్రిమెంటల్ బ్యాకప్ అన్న పద్ధతి స్థిరపడింది.

ఇక్కడ ఆదా చేసిన సమయానికి మూల్యం తిరిగి తెచ్చుకునే రోజు చెల్లించాలి. శుక్రవారం ఉదయం సర్వర్ పోతే ఆదివారం ఫుల్, దానిపైన సోమ, మంగళ, బుధ, గురువారాల కాపీలు వరసగా ఎక్కించాలి. మంగళవారం కాపీ పాడైందా, బుధ, గురువారాలవి ఉన్నా వాటిని నమ్మలేం. సోమవారం రాత్రి దగ్గరే ఆగిపోతాం. ఆదివారం నుంచి మారినదంతా ప్రతి రాత్రీ తీసే డిఫరెన్షియల్ పద్ధతిలో రెండు కాపీలు చాలు. చోటు కాస్త ఎక్కువ పడుతుంది. చిన్న సంస్థలకు ఇదే మేలని నా అభిప్రాయం.

రాత్రికి ఒకసారే బ్యాకప్ అంటే, సాయంత్రం ప్రమాదం జరిగితే ఆ రోజు పని మొత్తం పోయినట్టే. ఆడిటర్ ఆఫీసులో గుమాస్తా మళ్లీ కూర్చుని ఎక్కించుకోగలడు. ఆస్పత్రిలో ఆ రోజు రాసిన మందులు ఎవరికి గుర్తుంటాయి? అలాంటి చోట డేటాబేస్ లాగ్‌లను పదిహేను నిమిషాలకోసారి వేరే చోటికి పంపాలి.

రాన్సమ్‌వేర్ లోపలికి వచ్చి రోజులు, ఒక్కోసారి వారాల తరబడి నక్కి ఉంటుంది. వారం కాపీలే ఉంటే వాటిలోనూ అది ఉండవచ్చు. అందుకని నెలకొక ఫుల్ కాపీని కొన్ని నెలలు దాచాలి. అందులో ఒకటైనా నెట్‌వర్క్‌కు తగలకుండా, కేబుల్ పీకేసిన డిస్కులో ఉండాలి.

బ్యాకప్ విజయవంతం అని రోజూ మెయిల్ వస్తుంది. దాన్ని తెరిచి చూసేవారే తక్కువ. మూడు నెలలకోసారి ఖాళీ కంప్యూటర్‌లోకి ఆ కాపీలన్నీ ఎక్కించి, గడియారం పెట్టుకుని ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టాలి.