రైతు చేతి విత్తనం: చట్టం ఏమంటోంది?

తన చేలో పండిన విత్తనాన్ని పక్క ఊరి రైతుకు ఇచ్చినా, అమ్మినా కేసవుతుందన్న ప్రచారానికి 2019లో గుజరాత్ బంగాళాదుంప రైతులపై పెప్సికో వేసిన దావాలు బలం చేకూర్చాయి. ఆ ఏడాది మే నెలలోనే సంస్థ వాటిని ఉపసంహరించుకున్న సంగతి మాత్రం భయం పాకినంత దూరం పాకలేదు. చట్టం చెప్పేది ఆ ప్రచారానికి పూర్తిగా విరుద్ధం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, రక్షిత రకమైనా సరే, అంటే రూపొందించినవారి పేర నమోదై ఉన్నా సరే, రైతు దాని విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షిత రకమని తెలిపే లేబులు వేసి, సంచికట్టి అమ్మడం ఒక్కటే నిషిద్ధం. రైతు తాను పండించి, తన ఆవరణలోనే మరొకరికి విత్తుకునేందుకు నేరుగా ఇచ్చే విత్తనానికి 1966 నాటి విత్తనాల చట్టం సైతం 24వ సెక్షన్‌లో మినహాయింపు ఇచ్చింది. ఇంత స్పష్టమైన హక్కును నేరంగా చిత్రించి రైతును బెదరగొట్టడం క్షమించదగినది కాదు.

ఆ బెదురే మొదటినుంచీ ఉంటే హెచ్ఎంటీ బియ్యం తెలంగాణ వంటిళ్లకు చేరేదే కాదు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామపు చిన్న రైతు దాదాజీ ఖోబ్రగడే 1983లో పటేల్-3 వరిచేలో తేడాగా కనిపించిన వెన్నులను ఏరి, ఏటేటా విడిగా విత్తి నిలబెట్టిన సన్నరకం అది; ఆనాటి చేతిగడియారం పేరు తగిలించుకుని రైతు నుంచి రైతుకు సాగిపోయింది. మేలైన రకాలు పరిశోధన కేంద్రాల్లోనే పుడతాయన్న నమ్మకానికి ఈ జవాబు చాలు. వియ్యంకుల చేను చూసి కుంచెడు అడిగినా, నాగుకు, అంటే కోతలయ్యాక ఒకటికి ఒకటిన్నర కొలిచే ఒప్పందంతో తెచ్చుకున్నా, గింజతో పాటు అది ఏ నేలకు నప్పుతుందో, ఎన్నాళ్లకు కోతకొస్తుందో కూడా చేతికందుతుంది.

దాచిన విత్తనం దిగుబడి తగ్గిస్తుందన్న మాటలో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు: హైబ్రిడ్ గింజను, అంటే రెండు వేర్వేరు వంశాల సంకరాన్ని, మళ్లీ విత్తితే గుణాలు చెదిరిపోతాయి. హైబ్రిడ్ కాని వరి అలా కాదు; తన పుప్పొడితోనే గింజకట్టే పంట కనుక బెరుకులను, అంటే చేలో కలిసిన వేరే రకం మొక్కలను, ఏరేస్తే రకం నిలుస్తుంది. ఇక కేసుల మాటకొస్తే, కలుపుమందును తట్టుకునే అనుమతిలేని పత్తి విత్తనాల దొంగ అమ్మకం వేరే సంగతి, అది నేరమే.

విత్తనం కావలసినవారు కోతకు ముందే చేను చూసి, బెరుకులు లేని మడిని ఎంచుకుని అడగాలి. తెచ్చాక నూరు గింజలను తడి గోనెలో చుట్టి చూసి, వరిలో ఎనభైకి తక్కువ మొలిస్తే విత్తకూడదు.