సిద్ధాంత గ్రంథములలో హెడ్డరు, ఫుటరు: పేజీ సంఖ్య సరియైన చోట నిలుచుటకు

విద్యా సంవత్సరము ముగింపులో సిద్ధాంత గ్రంథములు పరీక్షకుల యొద్దకు వెళ్లే దినములలో మేము ఒక సంగతిని మరల మరల చూస్తున్నాము. విద్యార్థి నెలల తరబడి గ్రంథాలయములో కూర్చుండి, వాక్యభాగమును మూలభాషలో పరిశీలించి, ఎంతో శ్రమతో వ్రాస్తాడు. ఆఖరి వారములో మాత్రము పేజీ పైభాగమును, క్రిందిభాగమును టైపు చేసేవారి చేతికి విడిచిపెడతాడు. వారు ఒక్కొక్క అధ్యాయమును ఒక్కొక్క ఫైలుగా టైపు చేస్తారు. ప్రతి ఫైలు 1వ పేజీతోనే మొదలవుతుంది. ఆ విధముగా మా యొద్దకు వచ్చిన ఒక గ్రంథములో 12వ పేజీ అయిదు చోట్ల ఉన్నది. ఆ గ్రంథము బైండు చేయబడి గ్రంథాలయపు అలమరలో చేరిన తరువాత, మరియొక విద్యార్థి దాని నుండి ఒక మాటను ఉదహరించి "పేజీ 12" అని వ్రాస్తే, ఆ ఉదాహరణను ఎవరు సరిచూడగలరు? పేజీ సంఖ్య గ్రంథమునకు చిరునామా వంటిది. అది తప్పిపోతే, లోపల ఉన్న పరిశోధన ఎంత మంచిదైనా దానిని పట్టుకొనుట కష్టము.

హెడ్డరు అనగా పేజీ పైఅంచుకును అసలు వ్రాతకును మధ్యనున్న స్థలములో ప్రతి పేజీలోను వచ్చే వరుస. ఫుటరు అనగా అటువంటి వరుసయే క్రిందిభాగములో. ఫుట్‌నోటు వేరు, ఫుటరు వేరు. ఈ మాట చెప్పనవసరము లేదని మొదట అనుకున్నాము గాని, ఫుట్‌నోటును ఫుటరులో టైపు చేసిన ప్రతులను చూచిన తరువాత చెప్పక తప్పలేదు. ఫుటరులో వ్రాసినది ఆ విభాగములోని పేజీలన్నిటిలోను కనబడుతుంది. కనుక రోమా పత్రిక మీద వ్రాసిన ఒక్క వివరణ ఇరవై పేజీలలో ఇరవై సార్లు వచ్చింది. ఫుట్‌నోటు అసలు వ్రాతకు చెందినది. అది ఫుటరుకు పైన నిలుస్తుంది, తన వాక్యముతో కూడ ఒక పేజీ నుండి మరియొక పేజీకి జరుగుతుంది. ఫుటరు జరగదు.

ఈ పద్ధతి కంప్యూటరుతో పుట్టినది కాదు. నాలుగవ శతాబ్దపు సీనాయి ప్రతిలోను, వాటికను ప్రతిలోను పేజీ పైఅంచున ఆ గ్రంథము పేరు వ్రాయబడి ఉన్నది. సీనాయి ప్రతి చాలా భాగము పేజీకి నాలుగు నిలువు వరుసలుగాను, వాటికను ప్రతి మూడు వరుసలుగాను వ్రాయబడినవి. అధ్యాయములు, వచనములు ఇప్పటి వలె లేని ఆ కాలములో, పైనున్న ఆ పేరే చదువరికి తాను ఏ గ్రంథములో ఉన్నాడో తెలిపింది. మన తెలుగు బైబిలులో పేజీ పైభాగమున గ్రంథము పేరును, అధ్యాయపు సంఖ్యను చూచి వాక్యభాగమును వెదకే సంఘమునకు హెడ్డరు యొక్క ఉపయోగము మనము నేర్పనక్కరలేదు.

ఇక అసలు చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాము. ఎడమ వైపు అధ్యాయము పేరు, కుడి అంచున పేజీ సంఖ్య రావాలనుకుందాము. చాలామంది పేరు టైపు చేసి, తరువాత స్పేస్‌బారును నొక్కుతూ పోయి, సంఖ్య కుడి అంచుకు చేరినట్టు కనబడగానే ఆపుతారు. టైపురైటరు మీద ఈ పద్ధతి పని చేసింది, ఎందుకంటే అక్కడ ప్రతి అక్షరమునకు ఒకే వెడల్పు. కంప్యూటరులో అక్షరమునకు అక్షరమునకు వెడల్పు మారుతుంది; "ర" కంటె "ఘ" వెడల్పు, "9" తరువాత "10" వస్తే ఒక అంకె అదనము. 9వ పేజీలో సరిగా ఉన్న సంఖ్య 10వ పేజీలో, మరల 100వ పేజీలో తొలగిపోతుంది. ఫాంటు మార్చినా, అధ్యాయము పేరులో ఒక అక్షరము దిద్దినా అంతా చెదిరిపోతుంది. స్పేస్‌బారు మాటల మధ్య ఎడమునకే. స్థలమును నిర్ణయించుటకు కాదు.

స్థలమును నిర్ణయించేది ట్యాబు. హెడ్డరు వరుసలో రెండు ట్యాబు స్థానములు ముందుగానే ఉంటాయి: ఒకటి మధ్యకు, ఒకటి కుడికి. ఎడమ పేరు తరువాత రెండు సార్లు ట్యాబు నొక్కితే సంఖ్య కుడి స్థానమునకు వెళ్లి, ఎన్ని అంకెలున్నా కుడి అంచును పట్టుకొని నిలుస్తుంది. ఎడమ పేరు పొడవై మధ్య స్థానమును దాటిపోతే మాత్రము ఒక్క ట్యాబే చాలును. రెండవది నొక్కితే సంఖ్య క్రింది వరుసకు పోవచ్చును. అందుచేత హెడ్డరులో అధ్యాయము పేరును కుదించి వ్రాయుట మంచిది.

అయితే ఆ ముందుగా ఉన్న స్థానములు మన గ్రంథమునకు సరిపోవు. ఇక్కడనే ఎక్కువమంది తప్పిపోతారు. వర్డ్ 2007 నుండి హెడ్డరు స్థానములు రెండు ప్రక్కలా 1 అంగుళము మార్జిన్ ఉన్న కాగితమునకు లెక్కించబడినవి. లెటరు కాగితమునకు అవి 3.25, 6.5 అంగుళములు, ఎ4 కాగితమునకు సుమారు 3.13, 6.27. పాత వర్డ్ 2003లో 3, 6. సిద్ధాంత గ్రంథమునకు బైండింగు కొరకు ఎడమ మార్జిన్ 1.5 అంగుళములు ఉంచమని సాధారణముగా అడుగుతారు. ఎ4 వెడల్పు 8.27 అంగుళములు; 1.5, 1 తీసివేస్తే వ్రాతకు మిగిలేది 5.77. మార్జిన్ మార్చినంత మాత్రాన ట్యాబు స్థానములు వాటంతట అవి జరగవు. కనుక పేజీ సంఖ్య వ్రాత అంచును దాటి అర అంగుళము మార్జిన్‌లోనికి పోయి నిలుస్తుంది. బైండు చేసేవాడు అంచులు కోసినప్పుడు ఆ సంఖ్య కత్తికి మరింత దగ్గరవుతుంది.

సరిచేయుటకు హెడ్డరు అను స్టైలునే మార్చాలి, ఒక్కొక్క పేజీని కాదు. స్టైలులో ట్యాబ్స్ పెట్టె తెరచి, పాత స్థానములను తుడిచివేసి, 2.88 వద్ద మధ్య ట్యాబును, 5.77 వద్ద కుడి ట్యాబును పెట్టాలి. ఫుటరు స్టైలుకు కూడ అంతే. వర్డ్ 2007 తరువాతి వాటిలో ఇన్సర్ట్ అలైన్‌మెంట్ ట్యాబ్ అను మరియొక మార్గమున్నది. అది అంగుళములను కాక మార్జిన్‌నే ఆధారము చేసుకుంటుంది. మార్జిన్ మారితే తానును జరుగుతుంది. పెద్ద పట్టికల కొరకు మధ్యలో కొన్ని పేజీలను అడ్డముగా పెట్టేవారికి ఇదే మేలని మా అభిప్రాయము.

మరియొక దోషము కంటికి ఆలస్యముగా కనబడుతుంది. ఫుటరులో సంఖ్యను మధ్యకు పెట్టినా అది కొద్దిగా కుడికి తొలగి ఉంటుంది. కారణము ఫుటరులో లేదు, నార్మల్ అను స్టైలులో ఉన్నది. పేరాల మొదటి వరుసకు అర అంగుళము ఎడము, వరుసల మధ్య రెండింతల ఖాళీ కావాలని విద్యార్థి నార్మల్ స్టైలునే మార్చివేస్తాడు. హెడ్డరు, ఫుటరు స్టైలులు దానిమీదనే ఆధారపడినవి గనుక ఆ ఎడము వాటికిని సంక్రమిస్తుంది. మొదటి వరుసకు అర అంగుళము ఎడము ఉంటే మధ్య అనుకున్న స్థలము పావు అంగుళము కుడికి పోతుంది. హెడ్డరు, ఫుటరు స్టైలులలో ఆ ఎడమును సున్న చేసి, వరుస ఖాళీని సింగిల్ చేయాలి. అసలు వ్రాతకు నార్మల్‌ను వాడక వేరొక స్టైలును ఏర్పరచుకొనుట ఇంకా మంచిది.

తెలుగులో వ్రాసేవారికి ప్రత్యేకముగా చెప్పవలసినవి ఉన్నాయి. మన లిపికి పైన గుడులు, క్రింద ఒత్తులు ఉంటాయి. వరుస ఎత్తును ఎగ్జాక్ట్‌లీ అని 12 పాయింట్లకు బిగించితే "క్రీస్తు", "సిద్ధాంతము" వంటి మాటలలో ఒత్తు క్రింద తెగిపోవచ్చును. హెడ్డరు వరుసకు సింగిల్ గాని, ఎట్ లీస్ట్ గాని పెట్టాలి. హెడ్డరు ఎత్తు పెరిగితే అది అసలు వ్రాతను క్రిందికి నెట్టుతుంది. పేజీలో ఒక వరుస తగ్గుతుంది, విషయసూచిక సంఖ్యలు మారతాయి. 2000 దశకములో అను ఫాంట్లలో టైపు చేసిన పాత ప్రతులను ఇప్పుడు యూనికోడ్‌కు మార్చుకొనేవారు అనేకులు. వారు పేజీలోని వ్రాతనంతటిని ఎంచుకొని మార్చినప్పుడు హెడ్డరు దానిలో చేరదు. అధ్యాయమంతయు గౌతమి ఫాంటులో చక్కగా ఉండి, పైవరుసలో మాత్రము అర్థము లేని గుర్తులు మిగులుతాయి. హెడ్డరును వేరుగా తెరచి మార్చాలి.

పాత నిబంధన విద్యార్థులకు ఒక మాట. హెబ్రీ పాఠ్యము నుండి కాపీ చేసినదానిని పేరాతో సహా హెడ్డరులో అతికిస్తే ఆ వరుస కుడి నుండి ఎడమకు నడిచేదిగా మారవచ్చును. అప్పుడు ట్యాబులను కుడి అంచు నుండి కొలుస్తుంది. పేజీ సంఖ్య ఎడమకు పోయి కూర్చుంటుంది. మాటను మాత్రమే తీసుకొని, ఆ వరుసను ఎడమ నుండి కుడికి నడిచేదిగా తిరిగి నిర్ణయించాలి.

ఇప్పుడు సంఖ్యల సంగతి. టురాబియన్ పద్ధతి ప్రకారము కృతజ్ఞతలు, విషయసూచిక మొదలైన ముందు పేజీలకు చిన్న రోమన్ అంకెలు, అసలు గ్రంథమునకు 1 నుండి సాధారణ అంకెలు. దీనికి రెండు విభాగములు కావాలి. విషయసూచిక చివర లేఅవుట్‌లోని బ్రేక్స్ నుండి నెక్స్ట్ పేజ్ అను సెక్షన్ బ్రేకును పెట్టాలి. ఎంటరు నొక్కి క్రొత్త పేజీకి వెళ్లుట చాలదు. తరువాత రెండవ విభాగపు ఫుటరులో లింక్ టు ప్రీవియస్ అనే దానిని మొదట తీసివేయాలి, ఆ తరువాతనే సంఖ్యల తీరును మార్చాలి. ఈ క్రమము తప్పి, లింకు ఉండగానే ఫుటరులో ఏదైనా దిద్దితే ముందు విభాగములోను అదే మార్పు వస్తుంది. హెడ్డరుకు, ఫుటరుకు లింకులు వేరువేరుగా ఉంటాయి, రెండింటిని తీయాలి. అధ్యాయపు మొదటి పేజీలో హెడ్డరు వద్దనుకుంటే ఒక్కొక్క అధ్యాయమును ఒక్కొక్క విభాగముగా చేసి డిఫరెంట్ ఫస్ట్ పేజ్ అను గుర్తు పెట్టాలి. లిబ్రె ఆఫీసు వాడేవారికి ఈ పని సెక్షన్లతో కాక పేజీ స్టైలులతో జరుగుతుంది.

వేరువేరు ఫైలులను ఒకటిగా చేర్చేటప్పుడు ఒక రహస్యము తెలిసియుండాలి. ఒక విభాగపు హెడ్డరు, మార్జిన్, సంఖ్యల తీరు ఆ విభాగము చివరనున్న సెక్షన్ బ్రేకులో దాగి ఉంటాయి. "అనవసరమైన ఖాళీ" అనుకొని ఆ బ్రేకును తుడిచివేస్తే, పై అధ్యాయము క్రింది అధ్యాయపు హెడ్డరును ధరించుకుంటుంది. రెండవ అధ్యాయము మీద మూడవ అధ్యాయము పేరు కనబడుటకు సామాన్యముగా ఇదే కారణము. అధ్యాయపు పేర్లను హెడింగ్ 1 స్టైలులో వ్రాసి, హెడ్డరులో స్టైల్‌రెఫ్ అను ఫీల్డును పెడితే కంప్యూటరే ఆయా పేజీకి తగిన పేరును తెచ్చుకుంటుంది. నేర్చుకొనుటకు అరగంట పట్టవచ్చును. సమర్పణకు ముందురోజు రాత్రి మాత్రము దీనిని మొదలుపెట్టవద్దు.

అన్నియు చేసిన తరువాత విషయసూచికను అప్‌డేట్ చేసి, ఫైలును పి.డి.ఎఫ్.గా మార్చి దానినే ప్రింటుకు ఇవ్వాలి. వర్డ్ ఫైలును ఇస్తే, ఆ కంప్యూటరులో మన ఫాంటు లేనియెడల పేజీలు జరిగిపోతాయి. మొత్తము ప్రింటు తీయకముందు అయిదు పేజీలు చాలును: ముందు పేజీలలో ఒకటి, అధ్యాయము మొదలయ్యే పేజీ ఒకటి, 9వ పేజీ, 10వ పేజీ, వందకు పైబడిన పేజీ ఒకటి. 9ని, 10ని ఒకదానిమీద ఒకటి ఉంచి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడాలి. సంఖ్యల కుడి అంచులు ఒకదానిమీద ఒకటి పడితే మిగిలిన పేజీలను ప్రింటుకు పంపవచ్చును.