హీటరు రాడ్డు అడిగే ప్రశ్నలు

విద్యార్థులారా! మన ఆసిఫాబాద్ ప్రాంతపు చలి సంగతి మీకు వేరే చెప్పాలా? తిర్యాణి మండలంలోని గిన్నెధరి, సిర్పూర్ (యు) వంటి చోట్ల శీతాకాలంలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పడిపోతూ ఉంటుంది. తెల్లవారేసరికి చాలా ఇళ్ళలో బకెట్లో హీటరు రాడ్డు వేలాడుతుంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పదవ తరగతివారు మార్చి పరీక్షల కోసం పునశ్చరణ మొదలుపెడతారు. ఈ రాడ్డునే మన పాఠంగా తీసుకుందాం.

ఒకసారి తరగతిలో ఒక లెక్క ఇచ్చాను. "1500 వాట్ల హీటరు 20 నిమిషాలు పనిచేస్తే ఎన్ని యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది?" ఒక విద్యార్థి 1500ను 20తో గుణించి "30,000 యూనిట్లు" అని రాశాడు. సామర్థ్యాన్ని కాలంతో గుణిస్తే శక్తి వస్తుందని అతనికి కంఠతా వచ్చు. కాని యూనిట్ అంటే కిలోవాట్-గంట అన్న సంగతి మరచిపోయాడు. 1500 వాట్లు అంటే 1.5 కిలోవాట్లు. 20 నిమిషాలు అంటే గంటలో మూడవ వంతు. కనుక జవాబు అర యూనిట్ మాత్రమే! ఇంటి కరెంటు బిల్లును ఒక్కసారి చూసి ఉంటే, 30,000 అని రాస్తుండగానే అతని చేయి ఆగిపోయేది.

అందుచేత ప్రతి లెక్కనూ నాలుగు మెట్లుగా చేయండి. ముందుగా ఇచ్చిన విలువలను ప్రమాణాలతో సహా రాయండి. తరువాత ప్రమాణాలను సరిచేయండి. ఆపైన సూత్రం రాసి విలువలు ప్రతిక్షేపించండి. చివరగా, "ఈ జవాబు నమ్మదగినదేనా?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. చాలామంది వదిలివేసేది ఈ చివరి మెట్టునే. 2024లో తెలంగాణ పదవ తరగతి భౌతిక రసాయన శాస్త్రాల పేపరు 40 మార్కులకు, సమయం గంటన్నర. అంత కొద్ది వ్యవధిలో కొత్త అలవాటు రాదు. ఇప్పుడే చేసుకోవాలి.

అదే రాడ్డుతో మరొక లెక్క. మన ఇళ్ళలో పొటెన్షియల్ భేదం 230 వోల్టులు. 1500ను 230తో భాగిస్తే విద్యుత్ ప్రవాహం సుమారు 6.5 ఆంపియర్లు. ఫ్యాన్లకు, టీవీలకు వాడే చిన్న సాకెట్ 6 ఆంపియర్లకు ఉద్దేశించినది. రాడ్డును దానికో, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకో తగిలిస్తే ఏమవుతుంది? జౌల్ నియమాన్ని గుర్తుకు తెచ్చుకోండి. ప్రవాహం రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. తీగపై తొడుగు కరిగి మంటలు రావచ్చు. అందుకే హీటరుకు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ వాడాలి.

ఇక మీ వంతు. 20 లీటర్ల నీటిని 15 నుండి 40 డిగ్రీలకు వేడి చేయడానికి ఈ రాడ్డుకు ఎంతసేపు పడుతుంది? ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. లెక్క ప్రకారం 1400 సెకన్లు, అంటే దాదాపు 23 నిమిషాలు రావాలి. ఇంట్లో గడియారం పెట్టి చూస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. ఎందుకో ఆలోచించి రాయండి.

ఒక్క హెచ్చరిక. నీళ్ళు కాగాయా అని వేలు ముంచి చూడకండి. మనం వాడే నీటిలో లవణాలు కరిగి ఉంటాయి కనుక దానిగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. స్విచ్ ఆపి, ప్లగ్ ఊడదీసిన తరువాతనే బకెట్‌ను తాకండి. పరీక్షలో పొరపాటు చేస్తే ఒక మార్కు పోతుంది. ఇక్కడ పొరపాటు చేస్తే దిద్దుకునే అవకాశమే ఉండదు.